మీకు తెలుసా? నాచు మారితే నత్త జాతకమే మారుతుంది!

ఇప్పటిదాకా పరీక్షించిన వాటిలో, జీవుల ఒంట్లో తయారయ్యే అత్యంత బలమైన పదార్థం ఏదో చెప్పుకోండి చూద్దాం! సాలెగూటి దారం అన్నారా? కాదు! లింపెట్ పన్ను! సముద్రపు ఒడ్డున బండకు కరుచుకుని, కోసుగా ఉండే చిప్ప కింద కూర్చుంటుందే, ఆ చిన్న నత్త! 2015లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని పంటి బలాన్ని కొలిచి ఈ సంగతి బయటపెట్టారు. ఆ పన్నేమో మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు!

అంత గట్టి పళ్లు దేనికి? నాచు తినడానికే! అవును, మెత్తటి నాచుకే! అసలు కిటుకు వేరే ఉంది. లింపెట్ నాచును కొరకదు, బండను గీకుతుంది. దాని నాలుక మీద పళ్లు వరుసలు వరుసలుగా ఉంటాయి. ఆకురాయితో రుద్దినట్టు రుద్ది, రాతిని అంటుకున్న పాచిని ఊడదీస్తుంది. ముందు వరుస అరిగిపోతుంటే వెనక నుంచి కొత్త వరుస వచ్చేస్తుంది. బతికున్నంత కాలం ఇదే వరస!

ఇది ఇంకా వింత! కైటాన్ అని మరో బండ జీవి ఉంది. దాని పళ్లకు అయస్కాంతం అంటుకుంటుంది! పంటి మీద పూత మాగ్నటైట్. అంటే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం. ఈ విషయం కనిపెట్టింది హైన్జ్ లోవెన్‌స్టామ్ అనే శాస్త్రవేత్త, 1962లో. ఒక జంతువు తన ఒంట్లోనే మాగ్నటైట్ తయారు చేసుకుంటుందని అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు!

అన్ని నాచులూ ఒకటి కాదు సుమా! అల్వా అనే ఆకుపచ్చ నాచును చూడండి. పల్చటి ఆకులా నీళ్లలో ఊగుతుంటుంది. దాని మందం ఎంతో ఊహించగలరా? కేవలం 2 కణాలు! పైన ఒకటి, కింద ఒకటి. అంతే! చాలా నత్తలకు ఇదంటే ప్రాణం. గీకనక్కర్లేదు, నమలనక్కర్లేదు. నోట పెడితే చాలు!

ఈ అల్వా ఎక్కడో లేదు. మన విశాఖ బండల మీదే ఉంది! ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గగానే బండలు పచ్చగా నిగనిగలాడతాయి. కాస్త పరకాయించి చూడండి. పై బండ మీద ఒక రకం, కింది బండ మీద ఇంకో రకం! ఏ ఎత్తులో ఏ నాచు బతుకుతుందో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు శ్రద్ధగా పరిశీలించారు. వాళ్ల పరిశోధన 1964లో పేరున్న అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది!

అదే విశాఖ బండల మీద మన లింపెట్ కూడా ఉంది. పేరు సెల్లానా రేడియేటా. ఇది బండ మీద ఎంత ఎత్తులో కాపురం పెట్టిందో దాన్ని బట్టి దాని చిప్ప తీరే మారిపోతుంది! ఎం. బాలపరమేశ్వరరావు, పి.ఎన్. గణపతి 1971లో ఈ సంగతి రాశారు. ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు ఇసుకలోనే ఆగిపోకండి. బండల దాకా నడవండి!

సున్నంతో నిండిన నాచు కూడా ఉంటుందని తెలుసా? దాన్ని కోరలైన్ నాచు అంటారు. గులాబీ రంగులో, రాయికి వేసిన పెంకులా గట్టిగా ఉంటుంది. ఎండబెడితే దాని బరువులో 80 శాతం దాకా సున్నపు పదార్థమే! తింటే ఒంటికి పట్టేది చాలా తక్కువ. అయినా కొన్ని లింపెట్లు, కైటాన్లు దీన్ని వదలవు. ఆ ఇనుప పళ్లు ఊరికే రాలేదు మరి!

పళ్లను మార్చుకునే నత్త గురించి విన్నారా? లాకునా అనే బుల్లి నత్త కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు నాచును తింటుంటే దాని పళ్లు సూదిగా ఉంటాయి. అదే నత్తను తీసి సముద్రపు గడ్డి మీద పెట్టండి. కొత్తగా వచ్చే పళ్లు మొండిగా వస్తాయి! గడ్డిని కొయ్యనక్కర్లేదు కదా, దాని మీది పాచిని గీకితే చాలు. డయానా పడిల్లా అనే శాస్త్రవేత్త దీన్ని 1998లో లోకానికి చెప్పారు. జాతి అదే, నత్త అదే. కంచంలో కూడు మారింది, నోట్లో పళ్లు మారాయి!

ఇక ఇది వింటే నోరెళ్లబెడతారు! నత్త ఏ నాచు తింటోందో కళ్లతో చూడకుండానే చెప్పొచ్చు. ఎలా? చెవితో! నత్త బండను గీకుతుంటే చప్పుడవుతుంది. ఒక్కో నాచుకు ఒక్కో చప్పుడు! క్రిస్టఫర్ కిటింగ్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియా తీరంలో ఆ చప్పుళ్లు రికార్డు చేసి, ఏ లింపెట్ ఏం తింటోందో లెక్కగట్టారు. ఈ పద్ధతిని 1979లో ప్రకటించారు.

ఆ చప్పుళ్ల గుట్టు విప్పితే ఏం తేలిందో తెలుసా? లింపెట్ ఒకే నాచు దగ్గర తిష్ఠ వేయడం లేదు! కాసేపు ఇది, కాసేపు అది. కలిపి తింటోంది! చుట్టూ ఒక నాచు దండిగా ఉన్నా, రెండో దాన్ని వెతుక్కుంటూ పోతోంది. మెదడంటూ పెద్దగా లేని ఒక చిన్న నత్తకు ఈ తెలివి ఎక్కడిది?

కలిపి తింటే లాభమేంటి? ఒళ్లు చేస్తుంది! డోలబెల్లా అనే సముద్రపు కుందేలు ఉంది. కుందేలు కాదు, చిప్ప బయటికి కనపడని పెద్ద నత్త. దానికి ఒకే రకం నాచు పెట్టి పెంచారు. ఇంకో గుంపుకు రకరకాల నాచులు కలిపి పెట్టారు. ఏ గుంపు బాగా ఎదిగింది? కలగలుపు తిన్నదే! 1993లో స్టీవెన్ పెన్నింగ్స్ బృందం ఈ ఫలితాన్ని ప్రకటించింది.

ఎందుకలా? ఒక నాచులో ఉన్నది ఇంకోదానిలో ఉండదు! ఒకదానిలో మాంసకృత్తులు ఎక్కువ, మరోదానిలో పిండి పదార్థం ఎక్కువ. ఇంకోదానిలో కాస్త విషం కూడా ఉంటుంది. ఒకే విషం రోజూ తింటే ప్రమాదం. కొంచెం కొంచెం పంచుకుంటే ఒళ్లు తట్టుకుంటుంది. ఏ ఒక్క నాచూ, ఎంత మంచిదైనా, అన్నీ ఇవ్వలేదు!

నాచులో విషమా అనకండి! ఉంది! అసలు నాచు ఊరుకుంటుందనుకున్నారా? ఫ్యూకస్ అనే గోధుమరంగు నాచు కొసను తుంచి చూశారు. 2 వారాలు తిరిగేసరికి మిగతా కొమ్మల్లో వగరు పదార్థం పెరిగిపోయింది! ఆ తర్వాత నత్తలు దాని జోలికి రావడం తగ్గించేశాయి. కాళ్లు లేవు, పారిపోలేదు. అందుకే రుచి మార్చేసింది!

పక్కింటికి కబురు పంపే నాచు కూడా ఉంది తెలుసా! స్వీడన్ పశ్చిమ తీరంలో ఆస్కోఫిలమ్ అనే నాచు. ఒక మొక్కను నత్త తినడం మొదలుపెడితే, నీళ్ల ద్వారా ఏదో సంకేతం పక్క మొక్కకు చేరుతుంది. ఆ పక్క మొక్కను ఇంకా నత్త ముట్టుకోనే లేదు. అయినా ముందుగానే వగరెక్కి కూర్చుంటుంది! గునిల్లా టోత్, హెన్రిక్ పావియా 2000లో దీన్ని రుజువు చేశారు.

వీటన్నిటినీ మించిన గట్టిపిండం డెస్మరెస్టియా! ఇది ఒంటినిండా సల్ఫ్యూరిక్ యాసిడ్ దాచుకుంటుంది. నిజంగా అదే, బ్యాటరీలో పోసే యాసిడ్! దాని కణాల్లోని రసం పీహెచ్ 1 కంటే తక్కువ. కోసి బుట్టలో వేస్తే, పక్కన ఉన్న మిగతా నాచులు కూడా పాడైపోతాయి. ఒళ్లంతా ముళ్లతో బంతిలా ఉండే సీ అర్చిన్లు కూడా దీన్ని చూసి దూరంగా జరుగుతాయి!

అయినా చేదునే కోరుకునే జీవి ఒకటుంది! యాంఫిథో అనే రొయ్య చుట్టం, వేలి గోరంత కూడా ఉండదు. డిక్టియోటా అనే చేదు నాచు మీదే కాపురం, దానితోనే భోజనం! ఎందుకో? ఆ నాచును చేపలు ముట్టవు. చేపలు రాని చోట ఉంటే చేప నోట పడే భయం తక్కువ! ఉత్తర కరోలినా తీరంలో మార్క్ హే బృందం 1987లో ఈ రహస్యం పట్టుకుంది. తిండీ అదే, కోటా అదే!

తిన్నదాన్ని బట్టి ఇంటి రంగు మారుతుందంటే నమ్ముతారా? అబలోనీ అనే పెద్ద నత్తకు మారుతుంది! ఎర్ర నాచు మేస్తే చిప్ప ఇటుక రంగులో పెరుగుతుంది. కెల్ప్ మేపితే లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. మేత మార్చి మార్చి పెడితే చిప్ప మీద రంగురంగుల పట్టీలు! ఎర్ర అబలోనీ చిప్ప 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే చాలు, ఆ నత్త ఎప్పుడు ఏం తిన్నదో పట్టీ పట్టీనా చదవొచ్చు!

అబలోనీ పిల్లలు ఇంకా ఘటికులు! నీళ్లలో తేలుతూ తిరిగే ఆ బుల్లి పిల్లలు ఎక్కడ పడితే అక్కడ దిగవు. గులాబీ కోరలైన్ నాచు తగిలితేనే దిగుతాయి! కారణం వింటే ఆశ్చర్యపోతారు. మన మెదడులో పనిచేసే గాబా అనే రసాయనం పెట్టినా అవి దిగి, రూపం మార్చుకుని, నత్తలుగా మారడం మొదలుపెడతాయి! 1979లో డేనియల్ మోర్స్ బృందం దీన్ని బయటపెట్టింది.

సముద్రపు కుందేలు సిరా సంగతి చెప్పనా? శత్రువు వస్తే ఊదారంగు సిరా చిమ్ముతుంది. ఆ రంగు దానిది కాదు, ఎర్ర నాచుది! ఆకుపచ్చ నాచు మాత్రమే పెట్టి పెంచండి. ఊదా సిరా బంద్! వీటిలో అన్నిటికంటే పెద్దది నల్ల రంగు సముద్రపు కుందేలు, 99 సెంటీమీటర్ల పొడవు దాకా ఎదుగుతుంది. అది తినేది గోధుమరంగు నాచు. అందుకే దాని దగ్గర ఊదా సిరా లేనే లేదు!

ఎలీసియా అనే ఆకుపచ్చ జీవి అయితే దొరకరాని దొంగ! నాచును పీల్చేస్తుంది. కానీ అందులోని పత్రహరితపు రేణువులను అరిగించుకోదు, ఒంట్లో దాచుకుంటుంది! 9 నెలల దాకా అవి అలాగే ఉంటాయి. చూడ్డానికి అచ్చం ఆకు. పాకుతుంటేనే జంతువని తెలిసేది!

ఇప్పటిదాకా నాచు నత్తను ఎలా మారుస్తుందో విన్నారు. ఇప్పుడు తిరగేసి వినండి! అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ తీరం. బండల మధ్య నీటి గుంటలు. ఒక గుంట నిండా మెత్తటి పచ్చ నాచు. ఇంకో గుంట నిండా గట్టి ఎర్ర నాచు. జేన్ లుబ్చెంకో అనే యువ శాస్త్రవేత్త ఎర్ర గుంటలోని నత్తలన్నీ ఏరేశారు. పచ్చ గుంటలో నత్తలు వేశారు. ఏమైంది? నత్తలు పోయిన చోట పచ్చ నాచు విరగబడి ఎర్రదాన్ని కప్పేసింది! నత్తలు వచ్చిన చోట పచ్చదనం మాయం! ఈ పరిశోధన 1978లో వెలువడింది. ఈనాటికీ సముద్ర జీవశాస్త్రం చదివేవాళ్లకు ఇది కంఠోపాఠం.

అందులోనే అసలు మెలిక! నత్తలు మరీ తక్కువైతే ఒక్క నాచే రాజ్యమేలుతుంది. మరీ ఎక్కువైతే గట్టి నాచు తప్ప ఏమీ మిగలదు. మధ్యస్తంగా ఉంటేనే గుంటలో రకరకాల నాచులు! మరి గుంట బయట, ఆరిన బండ మీద? అక్కడ లెక్క తారుమారు! నత్త ఎంత మేస్తే రకాలు అంత తగ్గుతాయి. అదే నత్త, అదే తీరం, ఒక్క అడుగు దూరం. ఫలితం పూర్తిగా వేరు!

లింపెట్లు ఒక్కసారిగా చచ్చిపోతే ఏమవుతుంది? 1967లో అదే జరిగింది! టోరీ కాన్యన్ అనే నూనె ఓడ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దగ్గర బండలకు గుద్దుకుంది. నూనె పోగొట్టడానికి టన్నుల కొద్దీ డిటర్జెంటు చల్లారు. నూనె కంటే ఆ మందే లింపెట్లను ఎక్కువగా చంపింది! తర్వాత జరిగింది చూడండి. మేసేవాళ్లు లేక బండలన్నీ పచ్చ నాచుతో కప్పుకుపోయాయి. దాని మీద గోధుమరంగు నాచు అడవిలా లేచింది. ఆ తీరం మళ్లీ మామూలు రూపుకు రావడానికి పదేళ్ల పైనే పట్టింది! వేలెడంత లేని నత్త మొత్తం తీరం రంగును పట్టి ఉంచుతోందని అప్పుడు తెలిసొచ్చింది.

వ్యవసాయం చేసే నత్త ఉందంటే నవ్వకండి! కాలిఫోర్నియాలో ఔల్ లింపెట్‌కు సొంత చేను ఉంది. దాదాపు 1,000 చదరపు సెంటీమీటర్ల బండ! అందులో పాచిని పెంచుకుంటుంది. ఇంకో నత్త గట్టు దాటిందో, చిప్పతో నెట్టి తోసేస్తుంది! దక్షిణాఫ్రికాలో దీని బంధువు ఒకటి రాల్ఫ్సియా అనే నాచునే తోటగా పెంచుతుంది. ఒక్కసారిగా తినేయదు. చాళ్లు చాళ్లుగా మేస్తుంది, మిగిలింది మళ్లీ చిగురిస్తుంది!

నత్తల్ని కాసేపు పక్కన పెట్టండి. నాచు మేసే బల్లి తెలుసా? గలాపగోస్ దీవుల్లోని సముద్ర ఇగ్వానా! ఆటు సమయంలో బండల మీదికి దిగి ఎర్ర నాచు, పచ్చ నాచు గీకి తింటుంది. పెద్ద మగవి సముద్రంలోకి దూకి మునిగి మరీ మేస్తాయి. నాచు బాగా దొరికే దీవిలో ఒక్కోటి 12 కిలోల దాకా పెరుగుతుంది! నాచు కరువైన జెనోవేసా దీవిలోనో? కిలో దాటితే గొప్ప!

ఆ ఇగ్వానాలకు ఇష్టమైన ఎర్ర నాచుల్లో ఒకటి జెలీడియం. మీ వంటింట్లోకి దీని చుట్టం వచ్చే ఉంటుంది! చైనా గ్రాస్ అని కొంటామే, పుడ్డింగ్ గడ్డకట్టడానికి వేస్తామే, ఆ అగర్ ఇలాంటి నాచుల నుంచే తీస్తారు. ఒక బల్లి, ఒక పుడ్డింగ్, ముడిసరుకు మాత్రం ఒకే వంశానిది!

కానీ 1982లో ఎల్ నినో వచ్చింది. సముద్రం వేడెక్కింది. ఎర్ర నాచు, పచ్చ నాచు కనుమరుగు. వాటి చోట గోధుమరంగు నాచు మొలిచింది. ఇగ్వానాలు దాన్నే కడుపు నిండా తిన్నాయి. అరగలేదు! పొట్టలు నిండుగా ఉండగానే ఆకలితో చచ్చిపోయాయి! చాలా చోట్ల సగానికి పైగా పోయాయి. నాచు లేక కాదు, తగిన నాచు లేక! ఇది చదివిన ప్రతిసారీ నాకు గుండె కలుక్కుమంటుంది.

బతికి బయటపడ్డవి ఏం చేశాయో చెబితే మీరు నమ్మరు. కుదించుకుపోయాయి! బక్కచిక్కడం కాదు, పొడవే తగ్గింది! మార్టిన్ వికెల్స్కీ, కొరిన్నా థామ్ ఏళ్ల తరబడి కొలిచి చూశారు. కొన్ని 6.8 సెంటీమీటర్లు పొట్టివయ్యాయి! నాచు తిరిగి రాగానే? మళ్లీ పెరిగాయి! పెద్దయ్యాక తగ్గి, మళ్లీ పెరిగే వెన్నెముక జంతువు!

ఇప్పుడు చలిదేశానికి పదండి. స్కాట్లండ్‌కు ఉత్తరాన నార్త్ రొనాల్డ్‌సే దీవి. అక్కడి గొర్రెలు ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రపు నాచే తింటాయి! దీవి చుట్టూ రాతి గోడ. గోడ లోపల పచ్చిక, బయట గొర్రెలు! 1832లో కట్టారు. ఆటు వస్తే తీరానికి దిగి మేయడం, పోటు వస్తే ఎక్కి నెమరేయడం. వీటి గడియారం సూర్యుడు కాదు, సముద్రం!

మామూలు గొర్రెలు చలికాలంలో చిక్కిపోతాయి. ఇవి మాత్రం ఒళ్లు చేస్తాయి! తుఫానులు కెల్ప్‌ను కుప్పలుగా ఒడ్డున పడేస్తాయి కదా. కానీ వీటికి గడ్డి దగ్గరే గండం! నాచులో రాగి తక్కువ. అందుకని ఉన్న కాస్త రాగినీ పీల్చుకునేలా వీటి ఒళ్లు తయారైంది. గోడ లోపలి గడ్డి అతిగా తింటే ఏ గొర్రెకైనా రాగి విషమెక్కే ముప్పు! ఊళ్లో గొర్రెకు అమృతమైన గడ్డి ఈ గొర్రెకు విషం!

గోడకు అవతల, లోకానికి ఇంకో మూల, ఒకప్పుడు నాచు మేసే కొండంత జీవి ఉండేది. స్టెల్లర్ సముద్రపు ఆవు! ఎనిమిది మీటర్ల పొడవు. నోట్లో ఒక్క పన్ను లేదు! ఒడ్డు పక్కనే వీపు తేల్చి కెల్ప్ మేసేది. చలికాలంలో మేత తగ్గి పక్కటెముకలు బయటపడేవని దాన్ని కళ్లారా చూసిన జార్జ్ స్టెల్లర్ రాశారు. ఆయన చూసింది 1741లో. వేటగాళ్లు దాన్ని పూర్తిగా తుడిచిపెట్టడానికి ముప్పై ఏళ్లు కూడా పట్టలేదు!

అక్కడ మేసే జీవి పోయింది. మరి మేతే పోతే? ఉత్తర కాలిఫోర్నియాలో 2014 తర్వాత కెల్ప్ అడవి 90 శాతానికి పైగా మాయమైంది! వేడి నీళ్లు ఒక దెబ్బ, ఊదారంగు సీ అర్చిన్ల దండు రెండో దెబ్బ. అబలోనీలు ఆకలికి లక్షల్లో చచ్చాయి. అర్చిన్లు మాత్రం చావలేదు! ఏమీ తినకుండా ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నాయి. పగలగొట్టి చూస్తే లోపల డొల్ల!

ఆ డొల్ల అర్చిన్లను ఏం చెయ్యాలి? జపాన్‌లోని కనగావాలో ఒక ఉపాయం పన్నారు. అక్కడ కూడా అర్చిన్లు నాచు మేసేసి, తామే డొల్లలై పోయాయి. వాటిని పట్టి తొట్టెల్లో వేసి పెట్టిన మేత ఏమిటో ఊహించండి! క్యాబేజీ! మార్కెట్‌కు పనికిరాని క్యాబేజీ ఆకులు! అర్చిన్ తన 5 పళ్లతో వాటిని కరకరా కొరికేసింది. డొల్లలు నిండాయి. చేదు తగ్గింది, తీపి వచ్చింది. ఇప్పుడు వాటిని క్యాబేజీ అర్చిన్ అనే పేరుతోనే అమ్ముతున్నారు!